అంబ్రా కాయ, బ్రౌన్ ఏల్, మా అమ్మ

ఈ సంచికకి మలేషియా రుచుల మీద ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. నాసి లెమాక్ గురించీ, రోటీ చనాయ్ గురించీ, దురియన్ వాసన గురించీ ఇప్పటికే ఎవరో ఒకరు రాసేశారు. నాకు మిగిలింది ఒక గ్లాసు బీరు. "పిల్లలు చదివే పత్రికండీ, బీరు గురించి రాస్తారా?" అంది మా ఆవిడ. పిల్లలు కూడా చదవాలనే రాస్తున్నాను. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

ముందుగా ఒక మాట. నేను మందు ముట్టను. 2001లో మా నాయన పోయిన రోజున వేసుకున్న ఒట్టు అది. ఆఫీసు పార్టీల్లో ఆరెంజ్ జ్యూస్ గ్లాసు పట్టుకుని మూల నిలబడే మనిషి ఒకడుంటాడు చూడండి, వాడే నేను. అలాంటివాడికి ఒక బ్రూవరీ పని వచ్చింది.

గ్రాఫులో రెండో గుట్ట

మా కన్సల్టింగ్ కంపెనీకి క్లాంగ్ వ్యాలీలో లైసెన్సు ఉన్న ఒక చిన్న బ్రూవరీ నుంచి కబురు వచ్చింది. ట్యాంకుల ఉష్ణోగ్రత నిమిషం నిమిషానికీ రికార్డు చేయాలి, గీత దాటితే యజమాని ఫోనుకి మెసేజ్ వెళ్ళాలి. సెన్సర్లు, డేటాబేసు, ఒక తెర. నాకు తెలిసిన పనే. ట్యాంకులో ఏముంటే నాకేం అనుకుని ఒప్పుకున్నాను.

పనిలో దిగాక అర్థమైంది, ట్యాంకులో ఏముందో తెలియకుండా ప్రోగ్రాం రాయలేమని. పిల్లల కోసం చిన్నగా చెబుతాను. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే అది మాల్ట్. మన రాగిమాల్ట్‌కి అన్నలాంటిది. దాన్ని పిండి చేసి 65 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వేడినీళ్ళలో ఉంచితే గింజలోని గంజి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీటిని హాప్స్ అనే చేదు పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగినట్టే ఇదీ పొంగుతుంది. ఇడ్లీ పిండిలో ఎక్కువ పని బ్యాక్టీరియాది, ఇక్కడ పని ఈస్ట్‌ది. అది చక్కెర తిని ఆల్కహాలు, గ్యాసు వదులుతుంది. ఈ పని చేస్తూ తనంతట తానే వేడెక్కుతుంది కూడా. ఏల్ రకానికి సుమారు 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. బయట మన కౌలాలంపూర్ ఎండ 32. అందుకే వాళ్ళకి నా ప్రోగ్రాం అవసరమైంది.

ఒక ట్యాంకు గ్రాఫు చూస్తున్నాను. మొదటి రెండు మూడు రోజులు గీత పైకి లేచింది, తరువాత దిగింది. మామూలే. అయిదో రోజున మళ్ళీ లేచింది. సెన్సర్ చెడిపోయిందనుకుని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాను. యజమాని నవ్వాడు. చైనీస్ కుర్రాడు, ముప్పై కూడా దాటలేదు. "సెన్సర్ బాగానే ఉంది అంకుల్. పొద్దున పండు వేశాను" అన్నాడు. పండులోని చక్కెర చూసి ఈస్ట్ మళ్ళీ నిద్ర లేచిందన్నమాట.

ఆ పండు కెడొండొంగ్. పెనాంగ్ వైపు దాన్నే అంబ్రా అంటారు. పసర్ మాలమ్‌లో ఆకుపచ్చగా, కోడిగుడ్డంత కాయలు చూసే ఉంటారు. మన అడవి మామిడికి దగ్గర చుట్టం. లోపల టెంక పీచుపీచుగా, ముళ్ళముళ్ళుగా ఉంటుంది. కొరికితే మామిడికాయ పులుపు, ముగ్గితే కొంచెం అనాస వాసన. ఇక్కడివాళ్ళు రోజాక్‌లో వేసుకుంటారు, ఆసం బోయ్ అనే ఉప్పు ప్లమ్ ఎండుపండు వేసి జ్యూస్ చేసుకుంటారు.

పులుసులో బెల్లం ముక్క

బీరులో పండు వేయడం కొత్తేమీ కాదు. బెల్జియంలో ఊడెనార్డె పట్టణంలోని లీఫ్‌మాన్స్ అనే పాత బ్రూవరీ తన బ్రౌన్ ఏల్‌లో చెర్రీ పళ్ళు వేసి నెలల తరబడి ఊరబెడుతుంది. బ్రౌన్ ఏల్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇంగ్లండులో 1927లో మొదలైన న్యూకాజిల్ బ్రౌన్. ఆ గోధుమరంగు మాల్ట్‌ని బాగా వేయించడం వల్ల వస్తుంది. వేరుశనగ గుళ్ళు వేగితే వచ్చే రంగు, కమ్మదనం ఎలాంటివో ఇవీ అలాంటివే.

మరి అంత పుల్లటి కాయని ఇందులో ఎందుకు వేసినట్టు? అదే అడిగాను. పండులో తీపి అంతా ఈస్ట్ తినేస్తుంది, పులుపు మాత్రం మిగిలిపోతుందట. పలచటి బీరులో అయితే ఆ పులుపు నాలుకని కోసేస్తుంది. వేయించిన మాల్ట్‌లో ఈస్ట్ తినలేని తీపి కొంత ఉంటుంది కాబట్టి అది పులుపుని పట్టి ఉంచుతుంది. "మా ఇంట్లో పులుసులో బెల్లం ముక్క వేస్తారు, అందుకే" అన్నాను. అతనికి పులుసు తెలియదు కానీ లెక్క అర్థమైంది.

లెక్క అంటే నిజంగా లెక్కే. నీటి సాంద్రత 1.000 అనుకుంటే, చక్కెర నీరు మొదట 1.050 ఉంది, చివరికి 1.012కి దిగింది. తేడాని 131తో హెచ్చిస్తే ఆల్కహాలు శాతం సుమారుగా వస్తుంది, దాదాపు 5. ఆ సూత్రం నా తెరలో నేనే రాశాను. అంకెలన్నీ నావే, రుచి ఒక్కటే నాది కాదు.

పని అప్పగించిన రోజున అతను చిన్న గ్లాసులో వంద మిల్లీలీటర్లు పోసి నా ముందు పెట్టాడు. "మీ గ్రాఫు ఇది అంకుల్" అన్నాడు. బలవంతం చేయలేదు, అవతలికి వెళ్ళిపోయాడు. ఆ గ్లాసు వంక ఎంతసేపు చూశానో. చివరికి తాగాను. కారు అక్కడే వదిలి గ్రాబ్‌లో ఇంటికి వచ్చాను.

రుచి సంగతి దాచను. మొదట మాడిన రొట్టె అంచు, వెనకాలే బెల్లం పాకం. మింగబోయే ముందు పచ్చి మామిడికాయ చెక్క కొరికినట్టు దవడల దగ్గర జివ్వుమంది. ఆఖరున సన్నని చేదు. బాగుంది. బాగుండటమే నన్ను భయపెట్టింది.

ప్యాకెట్లు తెచ్చిపెట్టిన కుర్రాడు

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా నాయన ట్రాక్టరు డ్రైవరు. ఆ రోజుల్లో ప్రభుత్వ సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చేది. ఆ పథకానికి వారుణి వాహిని అని అందమైన పేరు. సాయంత్రం చిల్లర చేతిలో పెట్టి "పోయి తేరా అబ్బయ్యా" అనేవాడు నాయన. నేనే పరిగెత్తి తెచ్చేవాణ్ణి. మిగిలిన పావలా నాది. ఒకసారి నా స్కూలు ఫీజు కోసం అమ్మ తన కమ్మలు కుదువబెట్టి తెచ్చిన డబ్బుకీ నేనే ప్యాకెట్లు తెచ్చాను. ఆ డబ్బు ఏ డబ్బో నాకు తెలియదు. తెలిశాక అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు.

1992లో నాకు పదకొండేళ్ళు. మా జిల్లాలోనే దూబగుంటలో వర్ధినేని రోశమ్మ గారూ, తోటి ఆడవాళ్ళూ కలిసి సారా దుకాణం మూయించారు. అక్షరదీపం రాత్రి బడుల్లో చదువుకున్న "ఆడవాళ్ళు ఏకమైతే" పాఠం ఊరి నుంచి ఊరికి పాకింది. మా ఊళ్ళో ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టిన వాళ్ళలో మా అమ్మ ఉంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. మా నాయనకి మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది. 2001లో లివరు పాడై పోయాడు.

క్లాంగ్ కూలీలు అడిగింది

ఈ కథ నెల్లూరుదే అనుకునేవాణ్ణి. మన సంఘంలో అందరం మామయ్యగారు అని పిలుచుకునే పెద్దాయన ఒకరున్నారు. బగాన్ దాతో కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన తెలుగాయన. బ్రూవరీ సంగతి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "జీతం రోజున మా అమ్మ నన్ను కల్లు దుకాణం గుమ్మం దగ్గర నిలబెట్టేది బాబూ, మా నాన్న లోపలికి పోకముందే చెయ్యి పట్టుకోమని."

ఆయన చెప్పాకే ఇక్కడి చరిత్ర చదివాను. 1941లో క్లాంగ్ ప్రాంతంలో ఆర్.హెచ్. నాథన్ నాయకత్వాన రబ్బరు తోటల కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ కోరికల జాబితాలో చైనా కూలీలతో సమానంగా కూలి ఇవ్వాలని ఉంది, పిల్లలకి మంచి చదువు కావాలని ఉంది, దొర ఎదురైతే సైకిలు దిగాల్సిన పని ఉండకూడదని ఉంది. కల్లు దుకాణాలు మూయాలని కూడా ఉంది. నాథన్‌ని పట్టుకుని ఇండియాకి పంపేశారు, సైన్యాన్ని దింపారు, కాల్పుల్లో కూలీలు చనిపోయారు. యుద్ధం అయ్యాక కెడాలో తొండర్ పడై అనే దళం కల్లు దుకాణాల మీద మళ్ళీ ఉద్యమించింది. 1947లో బెడోంగ్ దగ్గర ఆ గొడవల్లోనూ రక్తం కారింది.

నేను ఆ గ్లాసు పట్టుకున్న చోటుకి క్లాంగ్ అరగంట దూరం.

అమ్మకి చెప్పిన రోజు

అమ్మ మూడు నెలలుగా మా దగ్గరే ఉంది. మా ఆవిడకి ఆ రాత్రే చెప్పాను. అమ్మకి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. బ్రూవరీ కుర్రాడు ఇచ్చిన అంబ్రా కాయల సంచీ తెచ్చి వంటింట్లో పెట్టి, "అమ్మా, నేను బీరు తాగాను" అన్నాను. మా పన్నెండేళ్ళ అమ్మాయి అక్కడే హోంవర్కు చేసుకుంటోంది. కావాలనే దాని ముందు చెప్పాను.

అమ్మ కాయ ఒకటి తీసి వాసన చూసింది.

"ఎంత తాగినావు?"

"వంద మిల్లీలీటర్లు."

"ఇంకొంచెం పొయ్యమన్నావా?"

"లేదమ్మా."

"మీ నాయనా మొదటి రోజు అడగలేదు" అంది. అంతే. కత్తిపీట లేదు కాబట్టి చాకు అడిగి కాయలు తరగడం మొదలుపెట్టింది.

మా అమ్మాయి అడిగింది, "నాన్నా, బాగుందా?" అని. బాగాలేదని చెబితే పని సులువుగా అయిపోయేది. బాగుందనే చెప్పాను. బాగుంటుంది కాబట్టే జాగ్రత్త అని చెప్పాను. ఈ దేశంలో 2017 డిసెంబరు నుంచి ఇరవై ఒక్కటి నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదనీ, 2020 నుంచి తాగి బండి నడిపితే శిక్షలు ఇంకా గట్టివయ్యాయనీ, లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే నేరమనీ కూడా చెప్పాను. వాళ్ళ తాతయ్య సంగతీ, ప్యాకెట్లు తెచ్చిన కుర్రాడి సంగతీ మొదటిసారి ఆ రోజే చెప్పాను. పన్నెండేళ్ళుగా ఫోటోలో దండ వేసుకుని ఉన్న తాతయ్య ఎలా పోయాడో దానికి తెలియదు. అది లేచి వెళ్ళి నాయనమ్మ పక్కన కూర్చుంది.

ఆ బ్రూవరీ పని ఇంకా చేస్తున్నాను. కొత్త పండు వేసినప్పుడల్లా గ్రాఫులో రెండో గుట్ట కనబడుతుంది. కుర్రాడు పిలుస్తూనే ఉంటాడు. "గ్రాఫు చూశాను, చాలు" అంటాను. నా ఒట్టు ఒకసారి తప్పింది, మళ్ళీ వేసుకున్నాను. మీలో మితంగా తీసుకునేవాళ్ళు ఉంటే తప్పు పట్టడం లేదు. ఎవరింటి లెక్క వాళ్ళది. మీ పిల్లలకి ఆ లెక్క చెప్పండి, అంతే.

ఇక ఆ కాయల సంగతి. సగం అమ్మ పప్పులో వేసింది. మామిడికాయ పప్పుకి ఏమాత్రం తీసిపోలేదు. మిగిలిన సగం పిల్లల పాలు. మీరూ చేసుకోండి: నాలుగు అంబ్రా కాయలు చెక్కు తీసి, టెంక దగ్గర ముళ్ళు జాగ్రత్తగా వదిలేసి కండ కోయండి. రెండు గ్లాసుల నీళ్ళతో మిక్సీ వేసి వడకట్టండి. మూడు చెంచాల చక్కెర, బోలెడు ఐసు, గ్లాసుకి ఒక ఆసం బోయ్. అది దొరక్కపోతే చిటికెడు ఉప్పు.

మొదటి గ్లాసు మా అమ్మకి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "ఇంకొంచెం పొయ్" అంది.