అంతర్జాలమున మన ఊరి పుట

గోదావరి గట్టున నున్న బాసర క్షేత్రమునకు పిల్లలను తోడ్కొని వచ్చు తలిదండ్రులను చూచినవారికి ఒక సంగతి తెలియును. పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి, తొలి అక్షరము దిద్దించువరకు వారి మనస్సు కుదుటబడదు. అక్షరముపట్ల అంత శ్రద్ధ గల ఆ తలిదండ్రులే నేడు ప్రయాణమునకు ముందు చేతిలోని ఫోను తెరచి 'బాసర' అని వ్రాసి వెదకుదురు. అప్పుడు ఎదుటికి వచ్చు పుట ఏ జిల్లా పేరు చెప్పవలెను? 2016 అక్టోబరు 11వ తేదీకి ముందైనచో ఆదిలాబాదు. ఆనాటినుండి నిర్మల్. అంతవరకు ముధోల్ మండలములో ఒక గ్రామముగా నుండిన బాసర తానే ఒక మండల కేంద్రమైనది. ఊరును కదలలేదు, నదియు కదలలేదు. చిరునామా కదలినది. ఆ మార్పును పుటమీద ఎక్కించినవారెవరు? వారికి జీతమిచ్చినవారెవరు?

జీతమెవరును ఈయలేదు. నేను చెప్పుచున్నది తెలుగు వికీపీడియా సంగతి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున దీనికి శ్రీకారము చుట్టిరి. యంత్రముల ఖర్చును అమెరికాలోని వికీమీడియా ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థ విరాళములతో భరించును. పుటలమీద వాణిజ్య ప్రకటనలుండవు. వ్రాయువారు, దిద్దువారు, పుటల రూపు మార్చువారు తమ తీరిక వేళలను, తమ ఇంటి కరెంటును వెచ్చించు స్వచ్ఛంద సేవకులు. వారు తమలో తాము చర్చించుకొను పుటకు 'రచ్చబండ' అని పేరు పెట్టుకొనిరి. పల్లె వాసన గల ఆ పేరు నాకు మిక్కిలి నచ్చినది.

వీరు మొదట ఎదుర్కొన్న చిక్కు అక్షరముదే. ఆ దినములలో కంప్యూటరుపై తెలుగు లేకపోలేదు. కాని పత్రికకొక ఫాంటు, సంఘమునకొక ఫాంటు. వానిలో పెక్కింటి రహస్యమిది: రోమను అక్షరముల గదులలో తెలుగు అక్షరపు ముక్కలను అమర్చి పెట్టెడివారు. యంత్రము దృష్టిలో అది రోమను లిపియే, తెలుగు వేషము కట్టినదంతే. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో వేషము ఊడి, అర్థములేని రోమను అక్షరముల గుంపు కనబడెడిది. మా తరమువారు ఆ గుంపును చూచి తల పట్టుకొన్న దినములు కలవు.

దీనికి విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి ప్రతిలోనే తెలుగునకు 128 గదులు కేటాయింపబడినవి. లోకములో ఏ యంత్రములోనైనను ఆ గదులు తెలుగువే. 'సరస్వతి' అను మాటను తీసికొనుడు. మన కంటికి కనబడునవి నాలుగక్షరములు. యంత్రము దాచుకొనునవి ఏడు సంకేతములు: స, ర, మరల స, పొల్లు, వ, త, గుడి. పొల్లు తరువాత 'వ' వచ్చినచో దానిని వత్తుగా మార్చి 'స' క్రింద చేర్చు పని ఫాంటుది. అందుచేత ఫాంటు మారినను మాట మారదు. పాత ఫాంటులలోని వ్రాతను ఈ క్రొత్త పద్ధతికి మార్చుటకు 'పద్మ' అను సాధనమును తయారుచేసినవారు కూడ వెన్న నాగార్జునయే. పాత వెబ్‌సైటును బాగుచేయబూనిన సంఘమేదైనను మొట్టమొదట చేయవలసినది ఈ మార్పిడియే. రంగులు, బొమ్మలు తరువాతి మాట.

ఇక 2016 నాటి సంగతి. ఆ ఒక్క దినమున తెలంగాణములోని 10 జిల్లాలు 31 అయినవి. వికీపీడియాలో గ్రామమునకొక పుట చొప్పున వేల పుటలు అప్పటికే ఉన్నవి. వాని పాత చిరునామాలను ఎట్లు దిద్దుట? ఇచ్చట అక్కరకు వచ్చినది 'మూస' అను ఏర్పాటు. కంసాలి వాడు మూస వంటిదే ఇది. ఒక మండలములోని గ్రామముల పట్టికను ఒక మూసగా చేసి, ఆ గ్రామముల పుటలన్నిటి అడుగున చేర్తురు. మూసను ఒకచోట దిద్దిన చాలును, అది యున్న పుటలన్నియు దిద్దుబాటగును. ముధోల్ మూసలోనుండి బాసరను తీసి, బాసరకు వేరొక మూసను పోయవలెను. అంతవరకు సులభమే.

పుట నడుమ వాక్యములలో నున్న జిల్లా పేరు మాత్రము మూసకు లొంగదు. ఒకరు 'ఆదిలాబాదు' అని వ్రాసియుందురు, మరియొకరు 'ఆదిలాబాద్' అని, వేరొకరు 'అదిలాబాదు' అని. మనుష్యుడు కూర్చుండి చదివి దిద్దవలసినదే. పాత పేరును తుడిచివేయుటయు న్యాయము కాదు. తాత భూమి దస్తావేజులో ఆదిలాబాదు జిల్లా అనియే యుండును గదా! 'పూర్వము ఇది ఆదిలాబాదు జిల్లాలో నుండెను' అను మాట పుటలో నిలువవలెను.

మరియొక మెలిక. ఒకే పేరు గల ఊళ్లు మనకు అనేకములు. వానిని వేరుపరచుటకు ఊరి పేరు ప్రక్కన కుండలీకరణములలో మండలము పేరు చేర్తురు. మండలము మారినచో పుట పేరే మారవలెను. అప్పుడు పాత పేరుతో వెదకి వచ్చినవాని గతి యేమి? వానిని క్రొత్త పుటకు చేర్చుటకు 'దారిమార్పు' అను ఏర్పాటు కలదు. ఇల్లు మారినవారు పాత ఇంటి గడపమీద క్రొత్త చిరునామా వ్రాసిపోయినట్లన్నమాట. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలు ఏర్పడి సంఖ్య 33 అయినప్పుడు ఇట్టి పనియే మరల తలకెత్తుకొనవలసి వచ్చినది.

ఇంత పెద్ద యంత్రాంగము లేని చిన్న సంఘముల మాట యేమని మీరడుగవచ్చును. గ్రామ గ్రంథాలయము, భజన మండలి, పూర్వ విద్యార్థుల సంఘము, ఇట్టివానికి డబ్బు అంతగా అడ్డు కాదు. వెబ్‌సైటు పేరుకు సాలునకు సుమారు వేయి రూపాయలు. వర్డ్‌ప్రెస్ వంటి ఉపకరణము ఉచితము. అదియు 2003లో పుట్టినదే. మండలి, గురజాడ, రామభద్ర అను పేర్లు గల తెలుగు ఫాంటులు ఉచితముగ లభించుచున్నవి. ఖర్చు కానిదల్లా ఓపిక. అదియే దొరకుట కష్టము.

ఓపిక లేనిచోట జరుగునదేమనగా, సమావేశపు ఆహ్వానమును కాగితముమీద అచ్చువేసి, దానికి ఫోటో తీసి, ఆ ఫోటోను వెబ్‌సైటులో అతికింతురు. చూచుటకు బాగుగనే యుండును. కాని వెదకువారికి అందులోని మాట ఒక్కటియు చిక్కదు. బరువా, చెప్పనక్కరలేదు. యూనికోడ్ తెలుగులో ఒక సంకేతము సాధారణముగ మూడు బైట్లు. 'సరస్వతి' యనగా 21 బైట్లు. మూడు మెగాబైట్ల ఫోటో యొక్కటి పట్టు చోటులో ఆ మాటను లక్ష పర్యాయములకు మించి వ్రాయవచ్చును. సిగ్నలు అంతంత మాత్రముగ నుండు పల్లెలో ఆ ఫోటో తెరచుకొనునంతలో చదువరి విసిగి లేచిపోవును. అన్నిటికంటె మిన్నగా, చూపులేనివారి కది మూగ పుట. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ ప్రారంభించిన ఎన్‌వీడీఏ అను ఉచిత సాధనము తెరమీది తెలుగు వ్రాతను చదివి వినిపింపగలదు. అక్షరములకు తీసిన ఫోటోను మాత్రము అట్లు చదువలేదు. గొంతుతో బ్రతుకు మాబోటివారికి ఈ లోపము మరింత నొప్పి కలిగించును.

నేను సభ్యుడుగా నున్న ఒక చిన్న పఠన మందిరమువారు ఈ జాగ్రత్తలన్నియు తీసికొని వెబ్‌సైటును తిరిగి కట్టిరి. సంవత్సరము తిరుగునప్పటికి అది మాయమైనది! పేరు నమోదు చేసిన యువకుడు ఉద్యోగమునకై విదేశమునకు పోయెను. రుసుము కట్టుడను హెచ్చరికలు అతడు వాడుట మానివేసిన ఈమెయిలుకు పోవుచుండెను. తాళపుచెవి మా కెవరికిని తెలియదు. అదృష్టవశమున అతడు దొరికెను, పేరును చిక్కినది. అప్పటినుండి పేరును సంఘము ఈమెయిలు మీదికి మార్చి, రుసుము గడువు తేదీని జమాఖర్చు పుస్తకము మొదటి పుటలో, కరెంటు బిల్లు తేదీ క్రిందనే వ్రాసి యుంచుచున్నారు. ఈ సాలున గడువునకు పది దినములు ముందుగనే మా కోశాధికారి రశీదు తెచ్చి అచ్చట అంటించిరి.