పటం పదికాలాలు నిలవాలంటే...

చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని ఒకటికి పదిసార్లు అడుగుతాం. బియ్యం కొనేటప్పుడు గింజ నోట్లో వేసుకుని కొరికి మరీ చూస్తాం. కానీ తరతరాలు ఇంట్లో వుండాల్సిన దేవుడి పటం, పెద్దవాళ్ళ ఫోటో దగ్గరికొచ్చేసరికి ఫ్రేము అందం ఒక్కటే చూసి డబ్బులిచ్చి వచ్చేస్తాం. లోపలున్న కాగితం ఏమిటి, దానిమీద పడ్డ రంగు ఏమిటి అని అడగం. నాలుగేళ్ళకి బొమ్మ వెలిసిపోతే "ఎండ తగిలింది కాబోలు" అని సరిపెట్టుకుంటాం.

నిజానికి ఎండది సగం తప్పే. మిగతా సగం అచ్చుదీ, కాగితానిదీ. ఈ రెండింటి సంగతీ కొంచెం తెలుసుకుంటే మన డబ్బూ దక్కుతుంది, పటమూ దక్కుతుంది.

రాతి అచ్చు నుంచి క్యాలెండర్ దాకా

దేవుడి బొమ్మలు సామాన్యుల ఇళ్ళలోకి రంగురంగులుగా వచ్చింది రాతి అచ్చు వల్ల. 1796 ప్రాంతంలో బవేరియాలో సెనెఫెల్డర్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, రాయిని నీళ్ళతో తడిపి, పైన నూనె సిరా పూస్తారు. జిడ్డున్న చోట సిరా పడుతుంది, తడి వున్న చోట పట్టదు. నూనే నీళ్ళూ కలవవని మన వంటింట్లో రోజూ చూసేదే కదా! ఆ కిటుకే ఇది. మన పెడనలో కలంకారీ బట్టలకి రంగు రంగుకీ వేరే చెక్క అచ్చు అద్దుతారు చూడండి, ఇక్కడ కూడా రంగు రంగుకీ వేరే రాయి. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టి, తన లక్ష్మీదేవినీ, సరస్వతీదేవినీ ఈ పద్ధతిలోనే అచ్చువేయించాడు.

ఆఫ్‌సెట్ కూడా ఈ కిటుకు మీదే నడుస్తుంది. రాయి బదులు పలచటి అల్యూమినియం రేకు. రేకుమీది బొమ్మ ముందు రబ్బరు దుప్పటి మీద పడి, అక్కణ్ణుంచి కాగితానికి అంటుకుంటుంది. శివకాశి నుంచి వచ్చే క్యాలెండర్లు ఇలా తయారయ్యేవే. వాటిని భూతద్దంతో చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు తప్ప ఇంకేం కనపడవు. ఆ నాలుగూ కలిసి మన కంటికి అన్ని రంగులూ చూపిస్తాయన్నమాట. వేలల్లో వేసేటప్పుడు ఆఫ్‌సెట్ చౌక. ఒక్క కాపీ కోసం రేకు చేయించడం గిట్టదు.

శుభలేఖల మీద చేతికి తగిలేంత మందంగా బంగారు అక్షరాలుంటాయే, అవి సాధారణంగా స్క్రీన్ ప్రింటింగ్‌వి. చట్రానికి బిగించిన సన్నటి జాలీ గుడ్డలోంచి రబ్బరు బద్దతో ఇంకుని కిందికి నెడతారు.

ఒక్క కాపీ కావాలంటే

మనకి కావలసింది అమ్మమ్మదో, నాన్నగారిదో ఒక్క ఫోటో. అందుకు మూడు దారులున్నాయి.

ఫోటో ల్యాబ్: వెలుగు తగిలితే మారే పూత వున్న కాగితం మీద బొమ్మని వెలుగుతో వేసి, మందునీళ్ళలో కడుగుతారు. ఇది బాగానే నిలుస్తుంది.

లేజర్: రంగుపొడిని వేడితో కరిగించి కాగితానికి అంటిస్తారు. కాగితాలకి, కార్డులకి మంచిది. మొహంలో నునుపు మాత్రం అంతగా రాదు.

ఇంక్‌జెట్: సన్నటి ఇంకు తుంపరలతో బొమ్మ వేస్తారు. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. ఇందులో డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు అని రెండు రకాలున్నాయి. డై ఇంకు నీళ్ళలో కరిగిన రంగు. కొత్తలో తళతళలాడుతుంది, సాధారణంగా త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి పొడిగా వుంటుంది. వెలుతురుకి ఎక్కువకాలం ఓర్చుకుంటుంది.

మా అత్తగారి ఫోటో ఒక దుకాణంలో పెద్దది చేయించాం. "మంచి ఫోటో పేపరమ్మా, ఏం కాదు" అన్నాడు. ఐదేళ్ళు తిరక్కుండానే ఎర్రచీర గులాబీ రంగుకి దిగింది, మొహం పచ్చబడింది. అది డై ఇంకుతో తీసిందని తర్వాత తెలిసింది. చిన్న ఫోటో అల్బమ్‌లో భద్రంగా వుండబట్టి మళ్ళీ తీయించుకోగలిగాం. ఆ ఒక్కటీ లేకపోతే ఆవిడ మొహం మా మనవలకి తెలిసేది కాదు.

కాగితం సంగతి

కాగితం మందాన్ని జి.ఎస్.ఎం.లో చెబుతారు. అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువు వుందని. జెరాక్స్ కాగితం 70, 80 వుంటుంది. శుభలేఖ అట్ట 250, 300 దాకా వెళుతుంది.

అయితే మందంగా వుంటే చాలదు సుమా! పాత న్యూస్‌పేపరు పచ్చబడి పెళుసెక్కడం మీరు చూసే వుంటారు. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం ఆ కాగితంలో మిగిలిపోవడమే అందుకు కారణం. పటానికి ఆసిడ్ లేని కాగితం కావాలి. నూలుతో చేసిన కాటన్ పేపరైతే మరీ మంచిది, అందులో లిగ్నిన్ వుండదు. జైపూర్ దగ్గర సాంగనేర్‌లో నూలుపీలికలతో చేతికాగితం తయారుచేస్తారు.

గ్లాసీ కాగితం మెరుస్తుంది, వేలిముద్రలు పడతాయి. మాట్ కాగితం మెరవదు, అద్దం వెనక నిండుగా కనపడుతుంది. ఇంట్లో ప్రింటరున్నవాళ్ళకి ఒక మాట: ఇంక్‌జెట్ గ్లాసీ కాగితాన్ని లేజర్ ప్రింటర్లో పెట్టకండి. వేడికి పూత కరిగి మిషను పాడవచ్చు.

దుకాణంలో అడగాల్సినవి

* ఇంకు డైయా, పిగ్మెంటా? కాగితం ఆసిడ్ లేనిదేనా?
* అంగుళానికి 300 చుక్కలు వస్తాయా? 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు పటానికి ఫోటోలో 2400, 3000 చుక్కలుండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపండి.
* ముందు చిన్న ముక్క తీసివ్వమనండి. దాన్ని రెండుగా కత్తిరించి, ఒకటి ఎండ పడే కిటికీకి అంటించి, రెండోది పుస్తకంలో దాచండి. నెల తర్వాత పక్కపక్కన పెడితే మీకే తెలుస్తుంది.

ఇంట్లో జాగ్రత్తలు

* ఫోటో అద్దానికి తగలకూడదు. చెమ్మకి అతుక్కుపోతుంది. మధ్యలో మౌంట్ అట్ట పెట్టించండి.
* అసలు ఫోటోకి లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి.
* అద్దం మీద బొట్టు తుడిచేటప్పుడు గుడ్డని తడపండి. నీళ్ళు అద్దం మీద చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతాయి.
* ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గోడ చెమ్మ తగలదు.
* దీపం సెగ, అగరుబత్తి పొగ నేరుగా తగలకుండా చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, గోడకెక్కేది ఎప్పుడూ నకలే కావాలి. అసలు ఫోటో కాగితం కవర్లో పెట్టి బీరువాలో దాచండి. పటం పోతే ఇంకోటి తీయించుకోవచ్చు. అసలుది పోతే ఎంత డబ్బు పోసినా రాదు కదా!