అర్చనావిధియు, ముగ్ధభక్తియు

షోడశోపచారపూజ యనగా దేవుని ఆవాహన చేసి, ఆసనమిచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, స్నానము చేయించి, వస్త్రము కట్టి, ధూపదీపములు చూపి, నైవేద్యము పెట్టి, తాంబూల మిచ్చుట. ఇంటికి వచ్చిన పూజ్యుడైన అతిథికి చేయు మర్యాదకు ఇది విస్తృతరూపము. అయినను నిత్యము పూజించువారిలో ఎందరికి ఇందలి ఒక్కొక్క క్రియ తమదిగా తోచుచున్నది? మంత్రార్థము తెలియకపోవుటయే ఈ లోపమునకు కారణమని కొందరందురు. అర్థము తెలిసిన పండితునకు సైతము పూజ వట్టి అలవాటుగా మాఱవచ్చును గనుక ఆ సమాధానము చాలదు. ఇంతకంటె లోతైన సమాధానము పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ముగ్ధభక్తుల కథలలో కలదు.

ముగ్ధుడనగా తెలివి లేనివాడు కాడు. అందఱును విని విడిచిన మాటను ఉన్నదున్నట్లు నమ్మినవాడు. శివుడు విషము మ్రింగెనని మనమును వింటిమి. నీలకంఠ శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పుకొని ఊరకుంటిమి. రుద్రపశుపతి అట్లు ఊరకుండలేక, స్వామి ఏమగునో యని ఏడ్చి నీటిలో దిగినాడు. శివునకు తల్లి లేదనుట స్తోత్రకర్తలకు ప్రశంస. బెజ్జమహాదేవికి అది తీరని దుఃఖము. తల్లి లేకపోవుటచేతనే పసివాడు ఇట్లు బూడిద పూసికొని తిరుగుచున్నాడని ఆమె తర్కము. ఆ తర్కమున దోషమెక్కడ నున్నదో చెప్పుట తార్కికునకును సులభము కాదు! ఆమె తానే తల్లియై, నూనె అంటి, నీళ్లు పోసి, ఉగ్గు పెట్టినది. శివుడు వ్యాధి నటింపగా నిజమని తల్లడిల్లినది.

ఇచట గమనింపవలసిన విశేషమొకటి కలదు. బెజ్జమహాదేవి కొత్త పూజ నేదియు కల్పింపలేదు. స్నానమును, నైవేద్యమును పూర్వమున్నవే. అతిథి బిడ్డయైనాడు, అంతియే భేదము. అనగా విధి ఇచ్చిన పాత్రలోనే ఆమె తన అనుభవమును పోసినది. విధిని త్రోసివేసిననేగాని స్వానుభవము కలుగదను వాదమునకు ఈ కథ అనుకూలింపదని నా అభిప్రాయము.

గొడగూచి కథ దీనికంటె కఠినమైనది. ఊరికి పోవుచున్న తండ్రి శివునకు పాలు ఆరగింపు చేయుమని కూతునకు చెప్పినాడు. దేవుడు త్రాగకుండుట చూచి ఆ పిల్ల భయపడి ఏడ్చినది, శివుడు త్రాగినాడు. తిరిగి వచ్చిన తండ్రి నమ్మలేదు. నిత్యము పాలు నివేదించినవాడు ఆయనయే. దేవుడు పాలు త్రాగునని నమ్మనివాడును ఆయనయే. ఈ విరోధమును సోమనాథుడు వ్యాఖ్యానింపక కథలోనే నిలిపినాడు.

అట్లయిన, తెలిసినవారు మరల ముగ్ధులు కాగలరా? కాలేరు. ముగ్ధత్వమును అనుకరించినచో అది నటన యగును. ఈ చిక్కును ధూర్జటి ఎఱుగును. పదునాఱవ శతాబ్దికి చెందిన ఆ కవి కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని ఎదుట విధిజ్ఞుడైన శివబ్రాహ్మణుని నిలిపినాడు. ఎఱచి నైవేద్యమును, పుక్కిటి నీటి అభిషేకమును తిన్నని భక్తి. వానిచే ఆలయము అపవిత్రమైనదని బ్రాహ్మణుడు పడిన వేదనయు భక్తియే. తిన్నడు కన్నిచ్చుటను శివుడు అతనికి చాటునుండి చూపినాడు. తిన్నని వలె చేయుమని మాత్రము అతనిని ఆజ్ఞాపింపలేదు.

తెలిసినవారికి విధిలోనే ఒక ద్వారము కలదు; అది సంకల్పము. శ్వేతవరాహకల్పముతో ఆరంభించి, వైవస్వతమన్వంతరము, కలియుగము, జంబూద్వీపము, భరతవర్షము అనుచు క్రమముగా దిగివచ్చి, ఆ సంవత్సరమునకు, ఆ తిథికి, తుదకు కర్త గోత్రనామములకు చేరును. అంత కాలమును, అంత భూమియు ఒక్క మనుష్యుడు నిలిచిన చోటికి కుదింపబడుచున్నవి. తరువాత వాని కోరిక చెప్పబడును. పురోహితుడు వేగముగా చదువుటచే ఈ భాగమునే మనము వినకున్నాము. విదేశములందలి తెలుగువారి పూజలలో స్థలవాచకములను అచ్చటి భూమికి అనుగుణముగా మార్చి చెప్పుట వాడుకలోనికి వచ్చినది. ద్వారము మూయబడలేదనుటకు ఇది నిదర్శనము.

రెండవ ద్వారము స్త్రీలది. సంస్కృతమంత్రములతో నడచిన పూజ నీరాజనమునకు వచ్చునప్పటికి ఇంటి యిల్లాలు తెలుగున మంగళహారతి అందుకొనును. ఈ పాటలు పలువుర నోట మాఱుచు, అత్త పాడినది కోడలికి, తల్లి పాడినది కూతునకు వచ్చినవి. వీని పాఠములను ఇండ్లలోని చేవ్రాతపుస్తకములనుండి సేకరించి పరిశీలించు పని చేయవలసినది ఇంకను చాల కలదు.