గ్యారంటర్ లేకుండా ఇంగ్లండ్‌లో ఇల్లు దొరుకుతుందా?

నైట్ డ్యూటీల వల్ల ఈ వారం ఎపిసోడ్ వినలేని వాళ్ల కోసం ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఇవి ఇంగ్లండ్ రూల్స్. స్కాట్లండ్, వేల్స్‌లో వేరేగా ఉంటాయి.

నేను 2022లో కేర్ హోమ్ ఉద్యోగం మీద వచ్చాను. ఆరు నెలలు షేరింగ్ రూమ్‌లో సర్దుకున్నాను. తర్వాత మా ఆవిడ, పాప వస్తున్నారు, టికెట్లు కూడా అయిపోయాయి. నెలకి 900 పౌండ్ల ఫ్లాట్ ఒకటి నచ్చింది. ఏజెంట్ ముందు అడిగింది, "యూకేలో గ్యారంటర్ ఉన్నారా?" అని. లేకపోతే ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమన్నాడు. అంటే 5,400 పౌండ్లు. నా దగ్గర అందులో సగం కూడా లేదు.

ఇక్కడ స్థిరపడిన మా ఊరి అన్న ఒకాయన్ని అడిగాను. "తమ్ముడూ, నీ మీద నమ్మకం లేక కాదు, సంతకం మాత్రం పెట్టలేను" అన్నాడు. మనసు చివుక్కుమంది. రెండు నెలలు ఆయనకి ఫోన్ చెయ్యలేదు.

తర్వాత ఒకసారి ఆ గ్యారంటర్ కాగితం పూర్తిగా చదివాను. అది "ఈ అబ్బాయి మంచివాడు" అని చెప్పే ఉత్తరం కాదు. మన దగ్గర చిట్టీ పాడుకున్నవాడికి షూరిటీ సంతకం పెట్టడం లాంటిది. నేను అద్దె కట్టకపోతే ఆయన కట్టాలి. ఇల్లు పాడుచేస్తే ఆ ఖర్చూ ఆయనదే. నలుగురు కలిసి ఒకే అగ్రిమెంట్ మీద ఉంటే, కాగితంలో పరిమితి రాయకపోతే, మిగతా ముగ్గురి బాకీ కూడా ఆయన మీద పడొచ్చు. అందుకని ఎవరైనా కాదంటే తప్పు పట్టకండి. మిమ్మల్ని ఎవరైనా అడిగితే చదవకుండా సంతకం పెట్టకండి.

అసలు ఓనర్ భయం ఏంటి? అద్దె ఆగిపోతుందేమో, మనిషి చెప్పకుండా ఇండియా వెళ్లిపోతాడేమో అని. ఆ భయానికి సమాధానం గ్యారంటర్ ఒక్కడే కాదు. నేను నేరుగా అద్దెకిచ్చే ఓనర్లని వెతికి, ఇవన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి చూపించాను:

- మూడు నెలల పేస్లిప్పులు, జీతం పడినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్
- ఉద్యోగం, జీతం, వీసా ఎప్పటిదాకా ఉందో రాసిన కంపెనీ లెటర్
- అద్దె ఏ నెలా ఆలస్యం చెయ్యలేదని పాత రూమ్ ఓనర్ ఇచ్చిన లెటర్
- రైట్ టు రెంట్ షేర్ కోడ్. ఇది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా వస్తుంది, 90 రోజులు పనిచేస్తుంది. ఉద్యోగం కోసం తీసిన కోడ్ దీనికి పనికిరాదు, అద్దె కోసం వేరేగా తీయాలి.

నాలుగో ఓనర్ ఒప్పుకున్నాడు. ఫీజు తీసుకుని గ్యారంటర్‌గా ఉండే కంపెనీలు కూడా ఉన్నాయి. అయితే ఆ ఫీజు తిరిగి రాదు. మీరు అద్దె ఎగ్గొడితే వాళ్లు కట్టి, మళ్లీ మీ దగ్గరే వసూలు చేస్తారు.

ఇప్పుడు డబ్బు సంగతి. 2026 మే 1 నుంచి మామూలు ప్రైవేట్ అద్దె ఇళ్లకి ఒక నెల కంటే ఎక్కువ అద్దె ముందుగా అడగకూడదు. నన్ను అడిగినట్టు ఆరు నెలలది అడగడం ఇక కుదరదు. ఇల్లు మీ కోసం ఆపడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె దాటకూడదు. అసలు డిపాజిట్ ఐదు వారాలు దాటకూడదు (ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే). నెల అద్దెని 12తో గుణించి 52తో భాగిస్తే వారం అద్దె వస్తుంది. 900కి వారానికి సుమారు 207, ఐదు వారాలకి 1,038 పౌండ్లు. జీతం గురించి అబద్ధం చెప్పినా, మీరే వెనక్కి తగ్గినా హోల్డింగ్ డిపాజిట్ పోవచ్చు.

ఓనర్ ఆ డిపాజిట్‌ని 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీమ్‌లో పెట్టి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. పెట్టకపోతే కోర్టుకి వెళ్లి డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల వరకు పరిహారం అడగొచ్చు. ఓనర్ ఉండే ఇంట్లోనే గది తీసుకుంటే మాత్రం ఈ రక్షణ వర్తించదు. అక్కడ గ్యారంటర్ని అడగడం తక్కువే గానీ, కట్టిన ప్రతి పైసాకీ రసీదు తీసుకోండి.

ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను. "గ్యారంటర్ అక్కర్లేదు, ఈరోజే డబ్బు వేస్తే తాళాలు పోస్ట్‌లో పంపుతా" అనేవాళ్లని నమ్మకండి. మీరు వెళ్లలేకపోతే ఆ ఊళ్లో ఉన్న ఎవరినైనా పంపి, ఇల్లు లోపల చూశాకే డబ్బు ఇవ్వండి. ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్ది పౌండ్లు కడితే ఆ ఇల్లు ఎవరి పేరు మీదుందో తెలుస్తుంది.

ఇల్లు దొరికాక ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోండి. కామన్వెల్త్ దేశస్తులం కాబట్టి, ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న ఇండియన్స్‌కి ఆ హక్కు ఉంది. క్రెడిట్ చెక్‌లో అడ్రస్ సరిపోల్చడానికి పనికొస్తుంది, రెండో ఇల్లు వెతికేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మా ఊరి అన్నకి మళ్లీ నేనే ఫోన్ చేశాను. ఇల్లు మారిన రోజు సామాన్లు మోయడానికి వ్యాన్ తెచ్చింది ఆయనే.