కుక్కపిల్లను తెచ్చుకొనుటకు ముందు

ఆంధ్ర మహాభారతమున ఆదిపర్వము తెఱచినంతనే ఒక కుక్కపిల్ల ఎదురగును. జనమేజయుడు యాగము చేయుచున్నచోట ఆడుకొనుచున్న ఆ పిల్లను రాజు తమ్ములు కొట్టిరి. తల్లియైన సరమ, నేరమెఱుగని బిడ్డను ఏల కొట్టితిరని రాజునే నిలదీసినది. నన్నయ నాటి ఆ ప్రశ్న నేటికిని మన వాకిళ్లలో వినవచ్చుచునే యున్నది.

నెల్లూరికి దక్షిణమున, చెన్నపట్టణపు రహదారిపై నున్న వెంకటాచలమునే తీసికొందము. ఇట్టి వేడి సీమలో తొలిసారి కుక్కను పెంచువారు చేయు మొదటి పొరపాటు జాతి నెంచుటలోనే కలదు. సైబీరియా మంచులో బండ్లు లాగిన హస్కీ, ఒత్తైన బొచ్చుతో రోహిణీకార్తె నెట్లు తాళగలదు? కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి విసనకఱ్ఱ. ఈ ఎండలకు అలవడిన ఊరకుక్క పిల్లయే ఇచ్చట మేలు.

రెండవది తొందర. ఎనిమిది వారములు నిండకమునుపే పిల్లను తల్లినుండి వేఱు చేయుదురు. ఎంత గట్టిగ కఱచిన ఎదుటిదానికి నొప్పి కలుగునో అది తోడిపిల్లలతో ఆడుచునే నేర్చుకొనును. ఆ చదువు మాన్పించి, పిదప కఱచుచున్నదని కొట్టుట న్యాయమా?

మూడవది తిండి. చేపల పులుసు కలిపిన అన్నము ప్రేమతోనే పెట్టుదురు. కాని ముల్లు గొంతున గ్రుచ్చుకొనును. ఉల్లి దాని రక్తకణములను నాశనము చేయును. ద్రాక్ష, చాకొలెట్టు సైతము దానికి విషములే.

నాలుగవది దండన. ఉదయము చెప్పు కొఱికినదానిని సాయంకాలము కొట్టినచో, ఏ నేరమునకు ఆ దెబ్బయో దానికి తెలియదు. యజమాని చేయి చూచి భయపడుటమాత్రమే నేర్చును. సరమ అడిగిన ప్రశ్న ఇదియే.

అన్నిటికంటె ఘోరమైనది టీకా నుపేక్షించుట. మూడు మాసముల వయసున పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించవలెను. లూయీ పాశ్చరు 1885లో చూపిన దారి యుండగా, పిల్లయే గదా యని కాటును, గోటిగీతను తేలికగా చూచుట తగదు. గాయమునకు సున్నము, కారము పూయరాదు. 15 నిమిషములు సబ్బుతో, పాఱునీట కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. వ్యాధిలక్షణములు పొడసూపిన పిదప బ్రదుకుట మిక్కిలి అరుదు. బొడ్డుచుట్టు సూదులు పొడుచు రోజులు గతించినవి. ఇప్పుడు చేతికే వేయుదురు.

తిట్లకు జడిసి పిల్లలు గాటును దాచుదురు. కావున ఉపాధ్యాయులారా, "కుక్క కఱచినచో, తప్పు మీదైనను చెప్పుడు, మేము కోపింపము" అని తరగతిలో ఒక్కమాట అనుడు. ఆ మాట ఒక ప్రాణము నిలుపవచ్చును.

విద్యార్థులారా, కుక్క ఆయువు పది పండ్రెండేండ్లు. మూడవ తరగతిలో మీరు తెచ్చుకొన్న పిల్ల, మీరు కళాశాల చదువు ముగించునాటికి ముసలిదగును. అప్పుడు దానిని రహదారిపై విడిచిరాక, కడదాక తోడుండగలరా? స్వర్గద్వారమున ధర్మరాజు విడువనిది కుక్కనే గదా!