ముద్దాయి నోరు, మధ్యవర్తి చేవ్రాలు

ఒక గ్రామమున హత్య జరిగినదనుకొందము. మఱునాటి యుదయమునకు ఠాణానుండి జీపు వచ్చును. గ్రామపెద్ద యొకరు తమ యరుగుపై ఇనస్పెక్టరుగారిని కూర్చుండబెట్టి కాఫీ తెప్పింతురు. ఫలానా పాలేరును ఒక పర్యాయము ఠాణాకు పంపుడు, రెండు మాటలడిగి పంపివేయుదుమని వారందురు. ఆ పెద్దమనుష్యుడే పాలేరును పిలిపించి, "పోయి ఉన్నమాట చెప్పిరారా, నీకు భయమేమి?" అని ధైర్యము చెప్పి జీపెక్కించును. వాడు మూడవనాటికో యైదవనాటికో మేజిస్ట్రేటు నెదుట కానవచ్చును. కాగితములలో మాత్రము ఆనాటి వేకువనే బస్సుల నిలయము కడ పట్టుబడినట్లుండును. నడుమ గడచిన దినములు ఏ పుస్తకమునను ఎక్కవు. మేమిపుడు వ్రాయదలచినది ఆ దినములను గూర్చియే.

నేరము చేయనివానికి హక్కులతో పనిలేదనియు, చేసినవానికి హక్కు లేలయనియు పలుకువారు విద్యావంతులలో సైతము పెక్కుమంది గలరు. చేసినవాడెవడో, చేయనివాడెవడో విచారణ ముగిసినపిదప గదా తేలవలసినది! ఠాణా మెట్లెక్కునాటికి ఇరువురి ముఖములును ఒక్కతీరుననే యుండును. పైగా ఈ హక్కులు ఎవరో దయతో నిచ్చిన భిక్షములు గావు. కంపెనీ పాలనమున చెన్నపురి రాజధానియందు శిస్తు వసూలుకును, నేరముల నొప్పించుటకును ప్రజలను హింసించుచున్నారను మొఱలు సీమదాక పోగా, విచారణసంఘము నియమింపబడి 1855 సం. న తన నివేదికను ప్రకటించెను. రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లను నొక్కుట, కన్నులలో మిరపకాయకారము చల్లుట, మెడను కాళ్లకు వంచి త్రాట బిగించుట మున్నగునవి యందు వర్ణింపబడినవి. అట్లు పీడింపబడినవారిలో మన తెలుగు జిల్లాల రైతులును గలరు. పోలీసువారియెదుట చేసిన నేరాంగీకారము ముద్దాయికి ప్రతికూలముగా చెల్లదను నియమము 1861 సం. క్రిమినలు ప్రొసీజరు కోడులో చేరి, 1872 సం. సాక్ష్యచట్టమున కుదురుకొనెను. తన యుద్యోగులనే తాను నమ్మజాలనని విదేశ ప్రభుత్వము చట్టముఖమున నొప్పుకొనెనన్నమాట! ఆ నియమమే నేడు భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షనుగా నిలిచియున్నది.

ఈ విషయమున యావద్భారతమునకు ప్రమాణములైన తీర్పులలో రెండు తెలుగువారి వ్యాజ్యములనుండియే పుట్టినవని మన పాఠకులలో ఎందరెఱుగుదురు? 1937 సం. మార్చి 23వ తేదీన పూరీ స్టేషనున మూడవతరగతి పెట్టెలో నొక ఇనుపపెట్టె కనబడెను. దానిలో ముక్కలుగా నఱకబడిన శవ ముండెను. మృతుడు పిఠాపురమువాడు, దివానుగారి కొలువులో బంట్రోతు. బరంపురమున నివసించు పాకల నారాయణస్వామి యనునతడు ముద్దాయి. ఆ మనుష్యుడు తన యింటికి వచ్చి, రాత్రి పరుండి, మఱునాడు రైలుకు వెడలిపోయెనని యాతడు అరెస్టు కాకమునుపే పోలీసువారితో పలికియుండెను. అది నేరాంగీకారము గాదు. సరిగదా, తన నిర్దోషిత్వమును వెల్లడించుటకే పలికినమాట. ఐనను ప్రాసిక్యూషనువారు ఆ మాటనే పట్టుకొని, మృతుడాతని యింట నుండెననుటకు సాక్ష్యముగ వాడిరి. ప్రీవీకౌన్సిలు 1939 సం. న తీర్పు చెప్పుచు, దర్యాప్తులో పోలీసులకు చెప్పినమాటను, చెప్పునాటికి ముద్దాయి కాకపోయినను, పిమ్మట నయ్యెనేని, వానిపై నుపయోగింపరాదని నిర్ణయించెను. నారాయణస్వామికి మాత్రము దానివలన ప్రాణరక్షణము కలుగలేదు. తక్కిన సాక్ష్యము చాలునని అప్పీలు కొట్టివేయబడెను. న్యాయసూత్రము దేశమునకు మిగిలినది. శిక్ష యాతనికి మిగిలినది.

రెండవది పులుకూరి కోటయ్య వ్యాజ్యము. ఇది 1947 సం. న్యాయనివేదికలలో ప్రకటితమైనది. గుంటూరు సెషన్సు కోర్టున పల్లెకొట్లాటలో జరిగిన హత్యలకై శిక్షపొందినవారు సీమదాక పోయిరి. మేమందఱము చెఱువు మూలను పొంచియుండి కొట్టితిమనియు, బల్లెమును వామిలో దాచితిననియు, వచ్చినచో చూపెదననియు నొక ముద్దాయి చెప్పినట్లు పోలీసులు వ్రాసికొనిరి. బల్లెము దొరకెను. ఆయుధము దొరకెను గావున వాంగ్మూలమంతయు చెల్లునని సర్కారుపక్షమువారు వాదించిరి. చెల్లదని సర్ జాన్ బోమంటు తీర్పు చెప్పెను. ఆ వస్తువున్న చోటును, అది ముద్దాయికి తెలిసియుండుటయు, ఈ రెంటికి సూటిగా సంబంధించినంత మేరయే చెల్లును. దానితో కొట్టితిననుట చెల్లదు. శిక్షలు రద్దుపఱచి, ఆ భాగమును విడిచి తక్కిన సాక్ష్యమును పరిశీలింపుడని మద్రాసు హైకోర్టుకు వ్యాజ్యమును పంపిరి. నేటికిని మన దేశమున ప్రతి హత్యకేసునందును వకీళ్లు ఈ గుంటూరుజిల్లా రైతు పేరును స్మరింపక మానరు.

ఐనను ఆ వామిసందునుండియే నేటి దుష్టాచారము చొరబడినది. వస్తువు దొరకినయెడల కొంత మాట చెల్లును గనుక, ప్రతి కేసునను ఒక వస్తువు దొరకితీరవలెను. కత్తి పొదలో దొరకును. నెత్తుటిబట్టలు గడ్డివామిలో దొరకును. దొరకునప్పుడు ఇరువురు మధ్యవర్తులుందురు. ఈ మధ్యవర్తులెవరు? మనమే. గ్రామోద్యోగియో, ఎరువుల దుకాణదారుడో, పదియెకరముల మాగాణిగల పెద్దరైతో. ఠాణాకు రమ్మనిన పోయి, సిద్ధముగ నున్న కాగితముపై చేవ్రాలుచేసి, చదువకయే తిరిగివచ్చుట గౌరవముగా భావించుచున్నాము. తుదకు కోర్టులో బోనెక్కి, నేనా చోటికి పోలేదనియు, ఠాణాలోనే సంతకము పెట్టితిననియు చెప్పుచున్నాము. లేదా, అబద్ధమునకే కట్టుబడి యొక నిర్భాగ్యుని యావజ్జీవమునకు పంపుచున్నాము. మొదటిదానివలన నిజమైన హంతకుడు తప్పించుకొనును. రెండవదానివలన నిరపరాధి చెడును. సోదాకు ఆ ప్రాంతపు నిష్పాక్షికులగు గౌరవస్థుల నిరువురను పిలువవలెనను చట్టము మనపై నుంచిన నమ్మకమునకు మనము చెల్లించు వెల యిది! 2024 సం. జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, 105వ సెక్షనున, సోదాయు, స్వాధీనమును, జాబితావ్రాతయు, సాక్షుల సంతకములును శబ్దచిత్రములతో రికార్డు చేయబడి మేజిస్ట్రేటునకు పంపబడవలెనని విధించినది. కావున చేవ్రాలు చేయుమన్నప్పుడు, "అయ్యా, చిత్రము తీయుచున్నారా?" యని యడుగుట అవిధేయత గాదు.

ఇక పిలువబడినవాని సంగతి. సాక్షిగా విచారించుటకు పిలుచునెడల వ్రాతమూలకమైన యుత్తరువుండవలెను. స్త్రీలను, పదునైదేండ్లకు లోబడిన బాలురను, అఱువదియేండ్లు దాటిన వృద్ధులను, అంగవైకల్యము గలవారిని, తీవ్రరోగులను వారి నివాసముకడనే విచారింపవలెను గాని ఠాణాకు రప్పింపరాదు. అడిగినదానికి సత్యమే చెప్పవలెను. కాని తన్ను నేరమున దింపునట్టి ప్రశ్నకు బదులు చెప్పవలసిన బాధ్యత లేదు. ఇది రాజ్యాంగము 20వ అధికరణము మూడవ ఖండమువలన కలిగిన హక్కు. దీని వ్యాప్తి యెంతయో తేల్చుకొనుటకు ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రిణి నందినీ శతపథిగారు సుప్రీంకోర్టుదాక పోవలసివచ్చెను. ముద్దాయికి ఠాణాలోను మౌనముండు హక్కు గలదని 1978 సం. న జస్టిస్ కృష్ణయ్యరుగారు తీర్పు వ్రాసిరి. ముఖ్యమంత్రిణిగా నుండినవారికే అంత శ్రమ యైనచో, మన పాలేరు నోరు మూసికొని కూర్చుండగలడా? కాని మౌనమును పొగరుగా గాక, మర్యాదగా "మా వకీలుగారు వచ్చినపిదప చెప్పెద" ననవచ్చును. విచారణకాలమున వకీలును కలసికొను హక్కు సంహిత 38వ సెక్షనున గలదు. ఆద్యంతము ప్రక్కన నుంచుకొను హక్కు మాత్రము లేదు. వ్రేలిముద్రలిచ్చుటకు నిరాకరింపజాలడు. సత్యశోధనమని పేర్కొను మత్తుమందుల పరీక్షలకు బలవంతపెట్టరాదని 2010 సం. న తీర్మానమైనది. పోలీసులు వ్రాసికొన్న వాంగ్మూలముపై చెప్పినవాని సంతకము తీసికొనగూడదని చట్టమే చెప్పుచున్నది. తెల్లకాగితముపై సంతకము సంగతి చెప్పనేల?

అరెస్టు చేసిరేని, ఎందులకు చేసిరో చెప్పవలెను. ఎట్లు చెప్పవలెనను విషయమున సుప్రీంకోర్టు ఇటీవల క్రమక్రమముగ ముందునకు సాగి, 2025 సం. నవంబరున, ఏ నేరమైనను సరే, కారణములను వ్రాతమూలకముగ, అరెస్టయినవానికి తెలిసిన భాషలో నీయవలెననియు, వెంటనే యిచ్చుటకు వీలులేని పట్ల రిమాండునకు హాజరుపఱచుటకు రెండుగంటలు ముందైనను ఈయవలెననియు తీర్పు చెప్పెను. తెలిసిన భాషయన్న మాటను మా పాఠకులు మఱియొకమాఱు చదువుదురుగాక. మన పల్లెవాని ప్రాణము ఇంగ్లీషు కాగితముపై నూగులాడు దుస్థితి స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినపిదప నిప్పటికి పరిహృతము కానున్నది. తెలుగున నీయనిచో అడుగవలసినవారు మనమే.

అరెస్టుపత్రముపై తేదీయు గంటయు వేసి, కుటుంబీకునిచే గాని ఆ చోటి గౌరవస్థునిచే గాని సంతకము చేయింపవలెనని 1996 సం. డి. కె. బసు తీర్పున విధింపబడినది. మరల గౌరవస్థుడే! ఆ గంట సరిగానున్నదా యని చూచి సంతకము చేసినయెడల, ఇందాక చెప్పిన నడిమి దినములు మాయముకాజాలవు. ఏలయన, ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెనను రాజ్యాంగ నియమమంతయు ఆ గంటనుండియే లెక్కకు వచ్చును. ఠాణాలన్నిట చిత్రయంత్రములుంచి, ఆ దృశ్యములను భద్రపఱుపవలెనని 2020 సం. డిసెంబరున సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. పనిచేయని యంత్రములను గూర్చిన ఫిర్యాదులును వినుచునే యున్నాము.

మేజిస్ట్రేటు కడ నిలిచిన రెండునిముసములును మిగుల ముఖ్యములు. కొట్టినారా యని వారడుగుదురు. వెనుక నిలిచినవానిని చూచి లేదనుట సామాన్యము. గాయమున్నచో అక్కడనే చెప్పి వైద్యపరీక్ష కోరవలెను. రెండువారములు గడచినపిదప చెప్పిన గాయమును ఎవరును నమ్మరు. వకీలును పెట్టుకొను శక్తిలేనివానికి ప్రభుత్వవ్యయముతో వకీలు నీయవలసిన బాధ్యతయు, ఆ హక్కును తెలుపవలసిన బాధ్యతయు ఆ మేజిస్ట్రేటునదేయని, ముంబయి దాడుల ముద్దాయియగు కసబు కేసులో 2012 సం. న సుప్రీంకోర్టు స్పష్టపఱచెను. అంతటి ఘోరనేరస్థునికిని వకీలుండెను. ఉండుటచేతనే ఆ తీర్పునకు లోకమున గౌరవము కలిగెను. నిర్బంధములో నున్న యెవనికైనను, ఆదాయముతో నిమిత్తములేక, న్యాయసహాయము లభించును. జిల్లాకోర్టునందలి న్యాయసేవాధికారసంస్థను గాని, 15100 అను టెలిఫోనును గాని ఆశ్రయింపవచ్చును. నేరము నొప్పుకొనుమని మేజిస్ట్రేటు కడకే పంపినయెడల, చెప్పితీరవలెనను నిర్బంధము లేదని వారు ముందుగా హెచ్చరింపవలెను. అప్పుడైనను చెప్పనన్నవానిని మరల పోలీసువశము చేయరాదు.

జామీను విషయము టూకీగా చెప్పుదుము. మరణశిక్షకో, యావజ్జీవమునకో, పదేండ్లకు తగ్గని శిక్షకో పాత్రమగు నేరమున తొంబది దినములలోను, తక్కినవాటిలో అఱువది దినములలోను అభియోగపత్రము దాఖలు కానిచో జామీను హక్కుగా లభించును. కాని అడిగినవానికే, జామీనుదారుల నీయగలవానికే. అభియోగపత్రము పడినపిదప అడిగి ప్రయోజనము లేదు. తొంబదియొకటవనాడు నిద్రించిన వకీలు మూలముగా చెఱలో మ్రగ్గినవారిని మేమెఱుగుదుము. క్రొత్త సంహిత మఱియొక మార్పు తెచ్చినది. పోలీసు కస్టడీకి నియతమైన పదునైదు దినములను మొదటి నలువది లేక అఱువది దినములలో విడతలుగ కోరవచ్చునట. జైలునకు పోయినవాడు ఇక ఠాణాభయము తీరినదని నిశ్చింతగ నుండుటకు వీలులేదు. ఈ మార్పు మాకెంతమాత్రము సమ్మతము గాదు. దర్యాప్తునకు సౌకర్యమని చెప్పువారు, నిర్బంధితుని భయమును సౌకర్యములో కలుపుకొనుచున్నారు.

పూర్వము మనుష్యుని ఠాణాకు తీసికొనిపోయిన రాత్రియే బంధువులు తపాలాకచేరికి పరుగెత్తి, ఫలానావానిని ఇన్నిగంటలకు పట్టుకొనిపోయిరని మేజిస్ట్రేటునకు తంతి నిచ్చెడివారు. ఆ తంతి రసీదుపై ముద్రయే హైకోర్టున హేబియస్ కార్పసునకు మొదటి సాక్ష్యముగ నుండెడిది. 2013 సం. జూలైలో దేశమున తంతి నిలిచిపోయినది. నేడు ఆ పని చేయవలసినది ఈమెయిలును, స్పీడుపోస్టు రసీదును. మేజిస్ట్రేటునకును, జిల్లా పోలీసు సూపరింటెండెంటునకును, పేరు, ఊరు, ఠాణా, జీపు వచ్చిన గంట, చూచినవారి పేర్లు వ్రాసి ఆ రాత్రియే పంపవలెను. పాలేరు భార్యకు ఈమెయిలు తెలియదు. అరుగుపై కూర్చుండి కాఫీ తెప్పించిన వారికి తెలియును.