కబీర్ ఖాన్ వేరు, నేగీ వేరు: ‘చక్ దే! ఇండియా’పై అపోహలు – వాస్తవాలు

2007 ఆగస్టు 10న విడుదలైన ‘చక్ దే! ఇండియా’ టీవీలో వస్తే ఇప్పటికీ ఛానల్ మార్చబుద్ధి కాదు. ఓడిపోయిన మనిషికి, ఎవరూ లెక్కచేయని మహిళల హాకీ జట్టుకు ఒకేసారి మరో అవకాశం దొరికే కథ అది. అయితే ఎన్నోసార్లు చూసినవాళ్లు కూడా దాని గురించి గట్టిగా నమ్మే మాటల్లో చాలా తప్పులున్నాయి. సినిమా కల్పించుకోవడంలో తప్పు లేదు. ఆ కల్పనే చరిత్రగా స్థిరపడిపోయి, నిజంగా పతకాలు గెలిచిన అమ్మాయిలు మరుగున పడితేనే మనసు కష్టపెట్టుకోవాల్సి వస్తుంది.

అపోహ: ఇది గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ జీవితకథ.

వాస్తవం: పోలికలు ఉన్నమాట నిజమే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో మన పురుషుల జట్టు పాకిస్తాన్ చేతిలో 1-7తో చిత్తయింది. ఆ రోజు గోల్‌పోస్టు ముందు నిలబడ్డది నేగీ. అమ్ముడుపోయాడన్న నింద ఆయన్ను ఏళ్లతరబడి వెంటాడింది. కానీ సినిమాలో మహిళల జట్టుకు కోచ్‌గా వచ్చే కబీర్ ఖాన్ గోల్‌కీపరే కాదు. అతను ఒకప్పటి పురుషుల జట్టు కెప్టెన్, పెనాల్టీ స్ట్రోక్ వృథా చేసి నిందపడతాడు.

కథకు విత్తు పడింది వేరేచోట. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన మహిళల హాకీ జట్టు స్వర్ణం గెలిచిన వార్త రచయిత జైదీప్ సాహ్నీకి పేపర్లో చిన్న ముక్కగా కనిపించింది. శిక్షణ శిబిరాలు ఎలా నడుస్తాయో ఆయనకు చెప్పింది ఆ జట్టు చీఫ్ కోచ్ మహరాజ్ కృషన్ కౌశిక్. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడిన మనిషి. నేగీ ఆ మాంచెస్టర్ జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్. నటీమణులకు హాకీ నేర్పడానికి నేగీ పేరు సూచించింది కూడా కౌశికే. స్క్రిప్టు రాసేటప్పుడు నేగీ గతం తనకు తెలియదని సాహ్నీ తర్వాత చెప్పారు. జనం నోట మాత్రం కౌశిక్ పేరే లేకుండా పోయింది. 2021 మేలో కొవిడ్ ఆయన్ను తీసుకుపోయింది.

మాంచెస్టర్ ఫైనల్ ఏ సినిమా క్లైమాక్స్‌కూ తీసిపోదు. ప్రత్యర్థి ఇంగ్లండ్, గ్రౌండు వాళ్లది, గోల పెట్టే జనమూ వాళ్లే. నిర్ణీత సమయం ముగిసేసరికి స్కోరు 2-2. ఇక అదనపు సమయంలో ముందు ఎవరు గోల్ కొడితే వాళ్లదే స్వర్ణం. మమతా ఖరబ్ కొట్టింది. హూటర్ మోగాక పడిన గోల్ అంటూ ఇంగ్లండ్ అభ్యంతరం చెప్పింది, అధికారులు దాన్ని తోసిపుచ్చారు. కెప్టెన్ మణిపూర్‌కు చెందిన సూరజ్‌లతా దేవి. సినిమాలో హరియాణా పిల్ల కోమల్ చౌతాలాను ఇష్టపడని ప్రేక్షకులు లేరు. హరియాణా నుంచే వచ్చిన మమతను వీధిలో చూస్తే గుర్తుపట్టేవాళ్లు ఎందరుంటారు?

అపోహ: 1982 ఆసియా క్రీడల్లో భారత హాకీకి దక్కింది తలవంపులే.

వాస్తవం: అవే క్రీడల్లో, అదే ఢిల్లీలో మన మహిళలు స్వర్ణం గెలిచారు! ఆసియా క్రీడల్లో మహిళల హాకీ పెట్టడం అదే మొదటిసారి. కెప్టెన్ ఎలీజా నెల్సన్. ఆ ఏడు గోల్స్‌ను దేశం నలభై ఏళ్లు తలుచుకుని కుమిలింది గానీ, ఈ స్వర్ణాన్ని తలుచుకున్నవాళ్లు అరుదు. ఆ సినిమా ఏ వివక్ష మీద నిలబడిందో దానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నేగీకి రెండో అవకాశం ఇచ్చింది మహిళల జట్టేనన్నది కూడా పూర్తిగా సరికాదు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన పురుషుల జట్టుకే ఆయన గోల్‌కీపింగ్ కోచ్‌గా ఉన్నారు. అక్కడా చీఫ్ కోచ్ కౌశికే.

అపోహ: మన అమ్మాయిలు ఒకసారి ప్రపంచకప్ గెలిచారు, సినిమా తీసింది దాని మీదే.

వాస్తవం: లేదు. ప్రపంచకప్‌లో మన మహిళల అత్యుత్తమ స్థానం 1974లో వచ్చిన నాలుగోది. ఒలింపిక్స్‌లోనూ 1980 మాస్కోలో, ఆ తర్వాత టోక్యోలో నాలుగో స్థానమే. టోక్యో క్వార్టర్ ఫైనల్లో గుర్జీత్ కౌర్ కొట్టిన ఒక్క గోల్‌తో ఆస్ట్రేలియాను ఇంటికి పంపించిన రోజు మాత్రం తెర మీది కథ నిజమైనట్టే అనిపించింది.

అపోహ: హాకీ మ్యాచ్ అంటే డెబ్బై నిమిషాలు.

వాస్తవం: కబీర్ ఖాన్ ఫైనల్‌కు ముందు చెప్పిన లెక్క అప్పటికి సరైనదే, 35 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌లు 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 60 నిమిషాలు.

అపోహ: ఆ సినిమాతో భారత హాకీ దశ తిరిగింది.

వాస్తవం: 2007 సెప్టెంబరులో టీ20 ప్రపంచకప్ గెలిచినప్పుడు దేశమంతా మోగింది ఈ సినిమా పాటే. కానీ అది క్రికెట్ సంబరం. ఆర్నెల్లు తిరక్కుండానే, 2008 మార్చిలో చిలీలోని సాంటియాగోలో బ్రిటన్ చేతిలో ఓడి, 1928 తర్వాత మొదటిసారి మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు దూరమైంది. బీజింగ్‌లో మన మహిళల జట్టూ లేదు. పాట పాడినంత మాత్రాన టర్ఫ్ గ్రౌండ్లు పుట్టుకురావు, వాటికి డబ్బూ ఓపికా పెట్టాలి.

సినిమా జట్టులో ఆంధ్రప్రదేశ్ నుంచి నేత్రా రెడ్డి ఉంటుంది. తమిళానికీ తెలుగుకూ తేడా ఏముందని అడిగిన అధికారికి, పంజాబీకీ బిహారీకీ ఉన్నంత అని జవాబిచ్చే పిల్ల. మన వాళ్లు హాకీ ఆడటమనేది సినిమాలోనే చూస్తామనుకుంటే, అదీ అపోహే. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన రజని ఏటిమార్పు భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులోనూ, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులోనూ ఆమె ఉంది.